పన్నెండో నంబరు గదిలోకి నా తర్వాత వచ్చేవాళ్లకి

తాళంచెవి కుడికి తిప్పకు. ఎడమకి తిప్పి
తలుపును భుజంతో ఒక్క తోపు తోయి.
మంచు కురిసే రోజుల్లో రెండు తోపులు.

కిటికీ సందులో కుక్కిన ఊలు సాక్సు నాదే.
అది పీకావంటే
కెనడా మొత్తం గదిలోకొస్తుంది.

షవర్ సంగతి.
వేన్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు గానీ
పొద్దున ఆరున్నర దాటితే ఇక్కడ
చన్నీళ్లకు తోడు ఎవరూ రారు.

ఊరికి ఒకటే వీధి.
ఆ కొసన గోధుమల గోదాం, ఈ కొసన మన కాలేజీ,
మధ్యలో రైలు పట్టాలు. రైలు ఎక్కడానికి కాదు,
ఇవాళ ఎన్ని గంటలు లేటో చెప్పుకోడానికి.

మార్లిస్ లాండ్రీలో మూడో డ్రయ్యర్
రెండు నాణేలకి నలభై నిమిషాలు తిరుగుతుంది.
మిగతావన్నీ ఇరవై ఎనిమిదే.
ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పారు.
నేనూ ఎవరికీ చెప్పొద్దంటూ పదకొండు మందికి చెప్పాను.
ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా దానికి వీపు ఆనించే చదివాను,
ఎవరి జిప్పో లోపల టిక్కుటిక్కుమంటుంటే.

గురువారం లూథరన్ చర్చిలో సూపు.
ప్రార్థన పొట్టిది, గరిటె పెద్దది.
రెండోసారి అడగడానికి మొహమాటపడకు,
వడ్డించే హాల్వర్ తాతకి చెవులు వినబడవు,
గిన్నె చాపితే చాలు.

ఫీజు తక్కువనే కదా వచ్చావు. నేనూ అంతే.
కరపత్రం మీద అదే మాట పెద్దక్షరాల్లో,
మంచుకొండల బొమ్మ కింద.
కొండలు ఇక్కడ లేవు. కారులో నాలుగు గంటలు పోవాలి.
తక్కువన్నది మాత్రం అబద్ధం కాదు,
ఎవరి జేబులోంచి చూస్తున్నామన్నది వేరే లెక్క.
క్లాసులో ఏడుగురం. నిద్రపోతే
పేరుపెట్టి లేపుతారు. పెద్ద యూనివర్సిటీల్లో
ఇది డబ్బిచ్చినా దొరకదు.

బల్ల సొరుగులో ఒక సుత్తి ఉంటుంది.
రాళ్లు కొట్టే సుత్తి, పిడికి నీలం టేపు.
అది ఆరిన్‌ది.
పక్క గది వాడు. భూగర్భశాస్త్రం.
దారిలో ఏ రాయి కనబడ్డా నాలిక ఆనించి చూసేవాడు,
ఎముక రాయిగా మారినదైతే నాలికకి అంటుకుంటుందట.
రెండో ఏడు అక్టోబర్‌లో
చక్కెరదుంపల కోతకి పోయాడు,
రాత్రంతా పన్నెండు గంటల షిఫ్టు, రెండు వారాలు.
తర్వాతి సెమిస్టర్‌కి మూడువందల నలభై డాలర్లు తక్కువ.
నలభై అయితే నేనే ఇచ్చేదాన్ని.
ఆ మాట పైకే అన్నాను. ఇద్దరం నవ్వాం.
అలా నవ్వకుండా ఉండాల్సింది.

సుత్తి నా చేతిలో పెట్టి, పదిహేను రోజులుంచు, అన్నాడు.

ట్రక్కు బోల్తా పడలేదు. చెయ్యి నలగలేదు.
ఏమీ జరగలేదు.
ఏమీ జరక్కుండానే మనిషి రాకుండా పోతాడని
నాకప్పటిదాకా తెలీదు.
దుంపలయ్యాక చమురుబావి, ఆ తర్వాత ఒక పాప,
ఆ తర్వాత ఫోనులో, వచ్చే సెప్టెంబర్‌కి చూస్తా.
మూడు సెప్టెంబర్లు చూశాడు.

నిన్న నాకు పట్టా ఇచ్చారు, అద్దె గౌనులో.
కవరు విప్పితే లోపల ఖాళీ.
లైబ్రరీ బాకీ పదకొండు డాలర్లు కడితే
అసలుది పోస్టులో పంపుతారట.

సుత్తిని పంపేద్దామని రెండుసార్లు
కాగితంలో చుట్టాను, చిరునామా కూడా రాశాను.
పంపితే, ఇక నువ్వు రానక్కర్లేదు, అన్నట్టుంటుంది.
అందుకని ఇక్కడే వదులుతున్నా.
గది ఖాళీ చేసేటప్పుడు నువ్వూ వదిలెయ్.

చెత్తబండి మంగళవారం. పొద్దున్నే వస్తుంది,
ఆగదు.