మూడో ముద్ద

రెండు ముద్దలు బాగానే తింటుందట.
మూడోది గొంతుకు అడ్డం.
పైగా, అన్నం పెట్టిన చేతినే కరుస్తుందట.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
మానీ మానని రెండు గీతలు చూపించింది
ఐడెల్లా క్రాంపె.

గెరింగ్ ఊళ్ళో ట్రాక్టరు సామాన్ల కొట్టు వెనక
నా గది. బయట నెబ్రాస్కా గాలి,
చక్కెర దుంపల లారీలు
దారి పొడుగునా రాల్చుకుంటూ పోయిన మట్టి.
నలభై ఏళ్ళుగా తుపాకుల దగ్గు వింటున్నాను.
జబ్బు పేరు ముందే చెప్పను.

"లోపల తూటా లేదుగా?"
"లేదు."
అయినా తెరిచాను. మనిషిని నమ్మడం వేరు,
చిటికెన వేలితో తడిమి చూసుకోవడం వేరు.

పేకముక్కల కట్ట కన్నా కాస్త పెద్దది.
చిన్నదానికి కోపం ఎక్కువ:
ఒంట్లో బరువు లేదు కనక
అదురంతా మన చేతికే పంచుతుంది.

విప్పాను.
నూనెకు అతుక్కుని బూడిదరంగు దూది,
అందులో ఓ నీలం పోగు, ఓ ఎర్ర పోగు,
ఎవరి పసిపాప మేజోడుదో ఊలు.
"ఏం పని చేస్తారు మీరు?"
"లాండ్రీ నడుపుతాను. రాత్రి పన్నెండు దాకా ఒక్కదాన్నే."
అదీ సంగతి.
ఊరందరి బట్టల పీచూ
ఈవిడ ఏప్రాన్ జేబులోంచి పాకి
దీని గొంతులో కూర్చుంది.

దులిపాను. కడిగాను.
రెండేళ్ళు నిండుగానే ఉంచి మర్చిపోయిన మ్యాగజీనులో
స్ప్రింగుకు నడుం పడిపోయింది, మార్చాను.
తూటా పైకెక్కే వాలు గోరంత కూడా ఉండదు,
దాన్ని మెత్తటి కాగితంతో రుద్దాను.
"ముఖం కడిగినట్టుండాలి, ముఖం మార్చినట్టు కాదు"
అనేవాడు నాకు పని నేర్పిన ఆస్మండ్.
అతని చెవులు రెండూ పోయాయి చివర్లో,
వేళ్ళతోనే వినేవాడు.

పిడికి రబ్బరు తొడుగు.
గాల్లో వేలాడే చిటికెన వేలికి
అడుగున చిన్న పెదవి లాంటి అంచు.
బోలు మూతి తూటాలు పక్కన పెట్టి
గుండ్రటి ముక్కువి ఇచ్చాను.

దుంపల చేను అవతల మట్టిగట్టు దగ్గర
ఒకటి. రెండు.
మూడోది మళ్ళీ అడ్డం.

నేను తీసుకుని కాల్చాను.
ఏడుకి ఏడూ గడగడా మింగింది.
ఇక చూడాల్సింది తుపాకీని కాదు.

కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది ఆవిడ,
నలిగిపోతుందేమోనని.
మణికట్టు వదులైతే
వెనక్కి తన్నుకోవడానికి దానికి గోడ ఉండదు,
సగం దూరం పోయి సిగ్గుపడి ఆగిపోతుంది.
"కరచాలనం అనుకోండి," అన్నాను,
"పడని చుట్టంతో కాదు,
మీకు బాకీ ఉన్న మనిషితో."

నవ్వింది. బిగించింది.
యాభై తూటాలు, ఒక్క దగ్గు లేదు.
చేతి మీద కొత్త గాటూ లేదు.

మెచ్చుకుంటుందనుకున్నాను.
చాలాసేపు ఆ మట్టిగట్టు వైపే చూసి అంది:
"మొరాయించినన్నాళ్ళూ హాయిగా ఉండేది.
ఆ రాత్రి మూడో నంబరు మిషను దగ్గర వాడు నిలబడితే
జేబులో చెయ్యి పెట్టాను, తియ్యలేదు.
ఇది పేలదు కదా, అందుకే అనుకున్నా ఇన్నాళ్ళూ.
ఇక ఆ సాకు కూడా తీసేశావు."

ఏం చెప్పాలో తెలీక
చెవి మూతలు తుడుస్తూ నిలబడ్డాను.

డబ్బులిచ్చింది, అన్నీ పావలా డాలర్లే,
ఉతికిన మేజోట్లో మూటకట్టి.
ఆవిడ కారు వెళ్ళాక బల్ల మీద పోసి లెక్కపెట్టాను.
ఒకటి ఎక్కువే ఉంది.
కాస్త వంగిన నాణెం,
ఏ మిషనూ మింగదు దాన్ని.
సుత్తి చేతిలోకి తీసుకుని,
ఎందుకో మళ్ళీ పెట్టేశాను.