వెదురాకంత చాకు

గుణుపూరు స్టేషన్లో
నా జేబు తడిమి పోలీసు అడిగాడు,
"ఎయిటా కొణొ?"
చాకు బాబూ, మడత చాకు.

పొద్దున్న దీంతోనే వైరు తోలు వొలిచాను,
రైమతి సొబరో ఇంట్లో బల్బు వెలిగింది.
ఆవిడే ఇచ్చిన అనాసపండుకి
దీంతోనే కళ్ళు తీశాను.
దాని మనవడి కాల్లో ముల్లు కూడా.
నూరీ నూరీ వెదురాకంత మిగిలింది,
ఇది ఎవర్నేం చేస్తుంది?

విప్పాడు.
బొటనవేలితో అంచు చూశాడు.
గుండీ దగ్గర వేలాడుతున్న దారం
పుటుక్కున తెంపుకున్నాడు.

చెయ్యి చాపాను.
చేతికివ్వలేదు.
మడిచి బల్ల మీద పెట్టాడు.

కత్తి చేతికిస్తే తగువొస్తుందని
మా అమ్మ అనేది.
వాళ్ళమ్మ ఏ భాషలో అందో
అడుగుదామనుకునేలోగా
రైలు కూతేసింది.