తప్పుతో సహా

పెట్టెలోంచి తీస్తే అట్ట కొత్తది,
లోపల అచ్చయిన సంవత్సరం పాతది.
అమెరికాలో ఎవరో ఎప్పుడో వేసిన మొదటి ముద్రణకి
అచ్చుగుద్దినట్టు నకలు.
కాగితం మీది పసుపు కూడా ముసలితనం కాదు, సిరా.
అట్ట మడత మీద ధర రెండు డాలర్ల యాభై సెంట్లు.
నేనిచ్చింది తొమ్మిదివందలు, పోస్టుతో కలిపి,
ఓంకారం ప్రెస్సులో నా వారం కూలి.

"నకలుకి ఇంత పోస్తావా సామీ!"
జిలానీ బాషా, పాతబస్టాండు వెనక
లెక్కల పుస్తకాలు కుట్టే చేత్తో
దాని వెన్ను నిమిరి, వాసన చూసి,
"కుట్టు మాత్రం నిజమేలే" అన్నాడు.
"దారం అబద్ధం చెప్పదప్పా."

నూట నలభై మూడో పేజీ, కింద నుంచి పదకొండో వరుస.
ఒక అక్షరం తలకిందులుగా నిలబడి ఉంది.
అసలు ప్రతిని పట్టిచ్చేది ఆ తప్పేనంట.
రెండో ముద్రణలో దిద్దినారు.
దిద్దినదాన్ని ఎవరూ దాచుకోరంట.

ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర లేదు.
ముప్పై ఒక్క ఏండ్లు ఎర్రపెన్సిలు పట్టినోణ్ణి,
ఒత్తులు వెతికి, దీర్ఘాలు లాగి,
కర్నూలు పెండ్లిండ్లన్నీ
తప్పుల్లేకుండా జరిపించినోణ్ణి.

అట్లా పదకొండు కొన్నా.
ఇంగ్లీషు నాకు అక్షరాలుగా వస్తుంది,
వాక్యాలుగా కొంచెమే.
కథ ఎట్లా ముగిసిందో అడగొద్దు,
ఏ పేజీలో కామా రాలిపోయిందో చెప్తా.

వరదొచ్చిన ఏడు తుంగభద్ర
మా మిద్దె మెట్లెక్కి మూడింటిని తాగింది.
నాలుగోది ఆరబెడితే బతికింది,
అంచున వేలెడంత మట్టిగీత.
అది ఏ అచ్చులోనూ లేదు.
అది నకలు కాదు.

నాదీ ఒక తప్పుంది.
పెద్దకర్మ కార్డు, నాలుగు వందలు.
తండ్రి పేరు ముందుండాల్సిన కీర్తిశేషులు
కొడుకు ఉరుకుందప్ప పేరు ముందు పడింది.
చూసినా. చూసి కూడా దాటిపోయినా.
ఓనరు ప్రెస్సు వెనక కుప్పేసి
నాతోనే అంటు పెట్టించినాడు.
ఒక్కటి జేబులో మిగిలింది.

ఇప్పుడది
నూట నలభై మూడో పేజీలో ఉంది.

ఉరుకుందప్పకి ఎనభై దాటినాయి.
పొద్దున్నే కొండారెడ్డి బురుజు చుట్టూ
మూడు సుట్లు తిరుగుతాడు,
వెన్ను నిటారుగా, కుట్టు వదలని పుస్తకంలా.
"ఏమప్పా, కొత్త బుక్కేమైనా వచ్చిందా?"
"పాతదేలే అన్నా" అంటా.

ఆయన మలుపు దాటేదాకా నిలబడి,
ఇంటికొచ్చి
కార్డు ఉందో లేదో చూసుకుంటా.