కొట్టుకుపోయిన కాయ

ఆదివారం. కరెంటు లేదు.
స్టాఫ్‌రూములో బల్ల కిటికీ దగ్గరికి జరుపుకుని
తొమ్మిదో తరగతి మార్కుల రిజిస్టరు తెరిచాను.
గోడమీద ఆగస్టు వరద గీసిపోయిన మట్టిగీత
మోకాలి ఎత్తున ఇంకా ఉంది.
సున్నం వెయ్యమని ఎవరికీ చెప్పలేదు నేను.

నాలుగు చిన్న పరీక్షలు, ఒక్కోటి యాభైకి.
నాలుగూ కలిపి చివరికి ఇరవైకి కుదించాలి.
పెద్ద పరీక్ష ఒక్కటే ఎనభై.
ఏటేటా చెబుతాను.
ఏటేటా ఎవడో ఒకడు
రెండు శాతాలూ కూడి, రెండుతో భాగించి,
గెలిచినట్టు నోటుబుక్కు పైకెత్తుతాడు.
భారం అన్న మాట వాళ్ళకి
భుజాన వేలాడే సంచీలోనే తెలుసు.

గుబ్బల సత్యవేణి. లంక పిల్ల.
నలభై ఆరు. ఖాళీ. నలభై నాలుగు. నలభై ఏడు.
ఆ ఖాళీ రోజున
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారు,
వైనతేయ మీద పడవ కట్టేశారు.
ఇవతలి గట్టున నేను
వచ్చినవాళ్ళకి ప్రశ్నపత్రాలు పంచాను.
ఎల్లుండికి ఏరు మా వరండా కూడా ఎక్కింది,
పరీక్షకి ఆలస్యంగా వచ్చినట్టు.

ఖాళీని సున్నా అంటే
ఇరవైకి పదమూడు పాయింటు ఏడు.
పెద్ద పరీక్షలో నలభై మూడు.
వెరసి యాభై ఆరు పాయింటు ఏడు.
ఖాళీని ఖాళీగానే వదిలి, రాసిన మూడింటికే కడితే
అరవై ఒకటి దాటుతుంది, గ్రేడు మారుతుంది.
గడిలో ఏమీ రాయకపోవడానికీ
గుండ్రంగా ఒక గీత తిప్పడానికీ మధ్య
నాలుగున్నర మార్కుల లోతు నీళ్ళు.

హెడ్మాస్టరుగారు రూలు చెప్పారు:
రానివాళ్ళకి సున్నా.
సత్యవేణి వాళ్ళమ్మ మంగతాయారు
రూలు ఏమిటని అడగలేదు.
కొబ్బరి రాశి దగ్గర్నించి అలాగే వచ్చింది,
కుచ్చిళ్ళకి పీచు అంటుకుని.
నేను చెప్పిందంతా నిలబడే విని,
"ఇందులో ఏవుందండీ,
చిన్నకాయలు రెండేసి ఒకటి కింద కడతాం మేం.
మీరూ అంతేగా.
కుళ్ళుకాయ తగిల్తే కుళ్ళని తీసేత్తాం.
ఏట్లో కొట్టుకుపోయినదాన్ని మాత్రం
కుళ్ళిందని రాయవండి.
అది చూళ్ళేదుగా మనం" అంది.

కాలిక్యులేటరు ఆపేశాను.

శనివారం సాయంత్రం ఆ పిల్లని వరండాలో కూర్చోబెట్టి
ఆ పరీక్ష మళ్ళీ పెట్టాను.
మనసులో ముందే నలభై అయిదు రాసేసుకున్నాను.
ఇరవై తొమ్మిది వచ్చింది.
కూడికల పొరపాట్లు కావు.
మూడు లెక్కల జోలికే పోలేదు.
పడవ లేని వారంలో నేను చెప్పేసిన పాఠంలోవి.
యాభై తొమ్మిది పాయింటు ఆరు. పాత గ్రేడే.
కాయలకైతే వందకి రెండు కొసరు వేస్తారు.
నా పెన్ను కాసేపు ఆ కొసరు దగ్గర ఆగింది.
వెయ్యలేదు.
ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ పూర్తిగా తెలీదు.

సోమవారం నల్లబల్ల ముందు
సత్యవేణి తన మార్కు చూసుకుని ఊరుకోలేదు.
అడుగున నేను రాసిన వరస దగ్గర వేలు పెట్టింది.
ఏ సెక్షను సగటు అరవై రెండు,
బి సెక్షను యాభై నాలుగు,
మొత్తం తరగతికి యాభై ఎనిమిది.
"మాస్టారండీ,
ఏ లో ముప్పై ఎనిమిది మందిమి,
బి లో పంతొమ్మిదేనండి.
సగానికి సగం ఎలా కట్టేరు?"
అరచేత్తో నా యాభై ఎనిమిది చెరిపేసి
సుద్దముక్కతో రాసింది,
యాభై తొమ్మిది పాయింటు మూడు మూడు.

అప్పటిదాకా తరగతి సగటుకి
మార్కున్నర పైన ఉన్న పిల్ల.
ఇప్పుడు ఇరవై ఏడు పైసలు పైన.

"పైనేగా అయినా" అని
సుద్ద చేతులు చున్నీకి తుడుచుకుంటూ
పడవ టైమైందని
రేవు వైపు పరిగెత్తింది.