ఈడు

కొమ్ము మొదట్లో వలయాలుంటాయి.
గోటితో తడుముతూ లెక్కపెడితే
పశువు ఎన్ని వానలు చూసిందో చెప్పొచ్చు.
పర్లాకిమిడిలో నాకొచ్చిన చదువు ఇదొక్కటే,
బిసోయి తాత దగ్గర పన్నెండేళ్లు
ఆకురాయి పట్టి నేర్చుకున్నది.

అందుకే రాత్రి రెండింటికి
విశాఖ నుంచి ఫోను చేసిన కోఆర్డినేటరు పిల్ల
"దాత వయసు డెబ్బై నాలుగండీ" అన్నప్పుడు
నా వేలు దానంతటదే
దుప్పటి మీద లెక్క మొదలెట్టింది.

నాకు ముప్పై తొమ్మిది.
కళ్లు పసుపుకొమ్ములు, పొట్ట బిందె.
దమయంతి స్పీకరు పెట్టింది.
డాక్టరు గారు దాచలేదు:
ముసలి కాలేయానికి ఓపిక తక్కువ,
మంచు పెట్టెలో ఎక్కువసేపు ఆగలేదు,
పైత్యం పారే గొట్టాలు ఇరుకవ్వొచ్చు,
పడుచుది ఇచ్చినన్నేళ్లు ఇస్తుందని
మాట ఇవ్వలేను.
ఇది వద్దంటే ఇంకోటి వస్తుందని కూడా ఇవ్వలేను.
గంటలో చెప్పండి.

గంట.
పాతపట్నం వైపు లారీలు పోతున్నాయి.
మా అత్త గడపలో కూర్చుని గొణిగింది:
"సంతలో మేక కార్జమైనా
లేతది చూసే కదమ్మా తెస్తాం."
ఎవరూ నవ్వలేదు.
కాసేపాగి అందరం నవ్వాం.
నవ్వితే నాకు పక్కల్లో పోటు.

బిసోయి తాతకి లేత కొమ్మంటే చిరాకు.
"నిప్పు చూపిస్తే బెదిరిపోతాది ఇది,
వంకర తీయబోతే పగిలిపోతాది" అనేవాడు
తన ఒడియా తెలుగులో.
ముసలి దున్న కొమ్ము చేతికిస్తే మటుకు
వలయాల జోలికి పోడు,
ముందు వాసన చూసేవాడు.
"ఎన్నేళ్లు మోసిందో కాదురా,
కోసాక ఎన్నాళ్లు ఎండలో పడుందో
అది అడుగు."

ఫోనులో నేను అదే అడిగాను.
అవతల చప్పుడు లేదు.
"ఇక్కడే ఉందండీ," అంది చివరికి ఆ పిల్ల,
"పక్క ఆసుపత్రిలో. దూరం మీరే."

మేమే దూరం.
రాష్ట్రం గేటు దగ్గర కానిస్టేబుల్ టార్చి వేసి
నా కళ్ల రంగు చూసి
కాగితాలు అడగలేదు.
తగరపువలస దాటేసరికి తెల్లారింది.

ఇప్పుడు నాకు నలభై ఒకటి.
దానికి డెబ్బై ఆరు.
ఆడో మగో చెప్పరు, ఊరు చెప్పరు,
దమయంతి మాత్రం "పెద్దావిడ" అని ఖాయం చేసేసింది.
పెద్దావిడకి ఎనిమిదింటికి మాత్ర.
పెద్దావిడకి ఉప్పు తగ్గించాను.
పెద్దావిడకి కొమ్ము పొడి పడదు,
మూతికి మాస్కు కట్టు.

అంతా సాఫీ ఏం కాదు.
ఏడో నెలలో గొట్టం ఇరుకైంది,
లోపల ఇంకో గొట్టం దింపారు,
ఒళ్లంతా దురద, తెల్లార్లూ గోకుడు.
పక్క మంచం కుర్రాడిది ఇరవై రెండేళ్ల కాలేయం,
మూడో వారానికే ఇంటికెళ్లిపోయాడు.
అసూయ పడ్డాను. పడ్డానని చెప్పడానికి సిగ్గేం లేదు.
మర్నాడు పళ్లు తోముకుంటుంటే తట్టింది
ఆ ఇరవై రెండు ఎక్కడ ఆగిపోయిందో,
ఏ బండో, ఏ మలుపో,
ఇంట్లో ఎవరు సంతకం పెట్టారో.
మా పెద్దావిడ మటుకు
తన వలయాలన్నీ వేసుకునే వెళ్లింది.

డాక్టరు గారంటారు,
కాలేయం రోజూ కాస్త కొత్తగా పుడుతూనే ఉంటుందట,
కాగితం మీదే డెబ్బై ఆరు,
లోపల ఎంతో తనకీ తెలీదట.
మూడు నెలలకోసారి రక్తం తీసి
అంకెలు చూసి తలూపుతారు.
ఒక్కోసారి తల ఊపరు.
ఆ రోజు తిరుగు బస్సులో ఇద్దరం మాట్లాడుకోం.

నిన్న ముసలి దున్న కొమ్మొకటి వచ్చింది,
నల్లగా, బరువుగా, అరచేతిలో చల్లగా.
మాస్కు కిందికి లాగి వాసన చూశాను.
వంటింట్లోంచి దమయంతి ఒక్క కేక,
నా మీద కాదు:
"పెద్దావిడా, చూశావా ఈయన్ని!"