తడి ఆరేదాకా

డాక్టర్ కుబెల్కా తెరమీద వేలు పెట్టి
"గరుకు గాజులా ఉంది, చూడండి" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది.
ముప్పై నాలుగేళ్ళుగా కామెనిత్సీ షెనోవ్‌లో
ఇసుకతో, నీళ్ళతో, తిరిగే రాతిచక్రంతో
నేను చేస్తున్నది అదే కదా,
అవతలున్నది కనబడనివ్వకుండా
వెలుగుని మాత్రం రానివ్వడం.
ఎవరి స్నానాల గది కిటికీకో చేసినట్టు
నా ఊపిరితిత్తులకీ ఎవరో చేసి పెట్టారన్నమాట,
అడక్కుండా, కూలి తీసుకోకుండా.

ఏడు మచ్చలు.
కుడివైపు నాలుగు, ఎడమవైపు మూడు.
కుడి పైతమ్మెలోది పెద్దది, ఇరవై రెండు మిల్లీమీటర్లు,
నడుమ మిరియపు గింజంత గట్టిదనం.
మిగతావి పొగమంచు చుక్కలు.
"అక్కచెల్లెళ్ళా? తల్లీపిల్లలా?" అనడిగాను.
విడివిడిగా పుట్టినవైతే ఒక దారి,
ఒకదాని కడుపున పుట్టినవైతే వేరే దారి.
ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి
"అక్కచెల్లెళ్ళే అనుకుంటున్నాం" అన్నాడు.
అనుకుంటున్నాం.
దుమ్ము వల్లేనా అని కూడా అడిగాను.
ఆ ప్రశ్న బల్లమీద అలాగే ఉండిపోయింది.

లిబెరెత్స్ ఆస్పత్రి తమ్మె మొత్తం తీసేద్దామంది,
మిగిలిన ఆరింటినీ కనిపెట్టుకుని ఉందామంది.
ప్రాగ్‌లో డాక్టర్ ష్మీదోవా
"ముక్క కోస్తే చాలు,
రేపు ఇంకోటి పెరిగితే కొయ్యడానికి చోటుండొద్దూ" అంది.
కిరణాలతో కాల్చనూ వచ్చట.
జన్యువు కుదిరితే రోజుకో మాత్రట,
కుదిరిందో లేదో చూడాలన్నా ముందు ముక్క కావాలట.
ఏమీ చెయ్యకుండా ఆర్నెల్లు చూడడం కూడా
వైద్యమేనట.

మా అమ్మాయి వ్లాస్తా గళ్ళకాగితం మీద పట్టిక గీసింది.
లాభాలు ఆకుపచ్చ, నష్టాలు ఎరుపు.
"ఊపిరి" అన్న గడిలో ప్రశ్నార్థకం పెట్టి
దాన్ని దిద్దీ దిద్దీ కాగితం చిరిగేలా చేసింది.
బోహుస్లవ్ గాజు ఊదినవాడు, ఆయన లెక్క వేరు.
"ఎంత మిగుల్తుంది? పెద్ద కూజాకా, చిన్న గ్లాసుకా?"
మెట్లెక్కడానికి సరిపోతుందిలే అన్నాను.
"ఏ మెట్లు? మనింటివా, చర్చివా?"

మా పనిలో
గాజులో ఒక బుడగ పడితే
అక్కడో ఆకు చెక్కి దాచేస్తాం.
రెండు పడితే కొమ్మ.
ఏడు బుడగల పాత్రనైతే
మా పాత మేస్త్రి హావ్రానెక్ మారుమాట లేకుండా
కొలిమిలోకి విసిరేవాడు, మళ్ళీ కరగడానికి.
నాకా వీలు లేదు.

రాత్రి మూడింటికి ఆలోచన తెగుతుంది,
గట్టిపడ్డదాన్ని కొయ్యనీ, ముక్కే చాలు,
తక్కిన ఆరూ నాతోపాటే ముసలివవనీ.
తెల్లారేసరికి మళ్ళీ చిక్కుపడుతుంది,
ఆ ఆరింట్లో ఏది ముందు గట్టిపడబోతోందో
కనీసం దానికైనా తెలుసా?

సంతకం గురువారం పెట్టాలి.
ఇవాళ మంగళవారం.
షెడ్డులో నా చేతికింద ఒక పలక,
యాబ్లొనెత్స్‌లో ఎవరి తలుపుకో.
గరుకు గాజుని తడిపితే
తడిసినంతమేరా మామూలు గాజైపోతుంది,
కొత్తగా చేరినవాళ్ళకి ఎప్పుడూ వింతే.
బొటనవేలు నీళ్ళలో ముంచి రుద్దాను.
ఆ వేలెడు కంతలోంచి
పెరడు, మంచు,
కట్టెలు పేరుస్తూ బోహుస్లవ్,
నాలుగు కట్టెలకోసారి ఆగి రొప్పుతూ.
ఆయనకి మచ్చల్లేవు,
అరవై ఏడేళ్ళున్నాయి, అంతే.
ఎన్ని వరసలయ్యాయో లెక్కపెడుతుండగానే
అంచుల నుంచి తెల్లబడుతూ
కంత మూసుకుపోయింది.

మళ్ళీ వేలు ముంచాను.