తరుగు

ఆదోని మార్కెట్ యార్డులో ముప్ఫై ఏళ్లు
కాటా పక్కన నిలబడిన మనిషి వన్నూరప్ప.
కాగితం ముట్టేవాడు కాదట.
ఏ బండి ఏ ఊరిది, ఎన్ని బోరాలు, ఎవరి పత్తిలో ఎంత తేమ,
పొద్దు గుంకేటప్పుడు సేట్ల ముందు
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడట.
ఇవాళ నా కుర్చీలో కూర్చుని
కూతురు హులిగెమ్మను అడుగుతున్నాడు:
"ఈయమ్మ ఎవురు? మనకేమవుతాది?"

ఏమవుతానో నాక్కూడా సరిగా తెలియదు.
పన్నెండేళ్ల కింద, ఇదే కుర్చీ.
ఉమ్మితే ఎరుపు. చిగుళ్లు వాచి పళ్లను వదిలేస్తున్నాయి.
"శుభ్రం చేయాల పెద్దాయనా" అన్నాను.
"పత్తి సీజన్ పోనీమ్మా" అన్నాడు.
నేను సరేనన్నాను.
ఈ ఊళ్లో ఏ జబ్బయినా పత్తి అమ్ముడుపోయేదాకా
వాకిట్లో నిలబడాల్సిందే.
నిలబడుతుందనే నేనూ అనుకున్నాను.

చిగురు.
ఎంత మంచి మాట పెట్టుకున్నాం
నోట్లోని ఆ ఎర్రటి అంచుకి!
వేపకొమ్మ చివర పుట్టేదీ అదే,
పంటి మొదట్లో కుళ్లేదీ అదే.

ఆ కుళ్లిన సందులో ఒక సూక్ష్మజీవి ఉంటుంది.
దాని పేరు పలకబోతే చదువుకున్న నా నాలుకే మడతపడుతుంది.
గాలంటే దానికి పడదు.
నెత్తురులోని ఇనుము తిని బతుకుతుంది.
మతి తప్పి పోయినవాళ్ల మెదళ్లు కోసి చూస్తే
దాని ఆనవాళ్లు అక్కడ కనిపించాయని చదివాను.
క్లినిక్ షట్టర్ దించి,
లోపలే కూర్చుని మళ్లీ చదివాను.

రుజువైందా అంటే, కాలేదు.
కన్నం వేసిన దొంగ అదేనా,
అప్పటికే తలుపు ఊడిన ఇంట్లో దూరి పడుకున్న పిల్లా?
నోరు పాడయ్యాక మరుపు వచ్చిందా,
పళ్లు తోముకోవడం మరిచాకే నోరు పాడయిందా?
ఎవరూ తేల్చి చెప్పరు.
మెదడే బెదిరి, చొరబడినదాని చుట్టూ
జిగట పీచు అల్లుతుందేమో,
ఆ పీచులో తనే చిక్కుకుంటుందేమో అంటారు కొందరు.

పీచు అనగానే నాకు గులాబీ పురుగు గుర్తొచ్చింది.
కాయ పైకి నిండుగా, పచ్చగా ఉంటుంది.
విరిస్తే దూది గుడ్డిది, మరక పట్టినది.
రైతులు తెచ్చి చూపిస్తే వన్నూరప్ప
విరవకుండానే చెప్పేవాడట,
బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి:
"లోపల ఉండాది."

ఆ రోజు నేనూ నొక్కి చూశాను.
లోపల ఉందని తెలిసే
సరేనన్నాను.

"నిన్న టీ గ్లాసు చేతిలో పట్టుకోనే
టీ ఏదని అడుగుతాండాడు మేడమ్.
పళ్లు కడిగితే ఇది తగ్గుతాదా?"
"తగ్గదు హులిగెమ్మా."
"మరి యాలకు?"
నెత్తురు కారే నోటితో అన్నం సహించదు గనక.
అంతకంటే పెద్ద జవాబు
నా అల్మారాలో లేదు.

సన్నటి కొలపుల్లను చిగురు కిందికి దించి
లోతు చెబుతూ పోతాను, రసూల్‌బీ రాసుకుంటుంది.
"నాలుగు. ఆరు. అయిదు.
ఏడు."
ఏడు దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది.
"అయిదు. ఆరు."

ఊపిరి తీసుకోనిద్దామని కొలపుల్ల పక్కన పెట్టాను.
ఒళ్లో ఆయన బొటనవేలు
వేళ్ల కణుపుల మీద కదులుతోంది.
దవడలో దూది ఉండ అట్లాగే ఉంది.
"ముప్పై మూడు" అన్నాడు.

రసూల్‌బీ కాగితం మీద కూడింది.
మళ్లీ కూడింది.
హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వన్నూరప్ప వీపు నిటారు చేసి,
కొత్తగా వచ్చిన వ్యాపారిని చూసినట్టు
నన్ను కొంచెం అనుమానంగా చూశాడు.
"తరుగు తీసేసినావా?"

"ఇంకా లేదు పెద్దాయనా."

"అట్లయితే ఇంగోసారి తూకమెయ్"
అని నోరు తెరిచాడు.